కాశెయ్య పొట్టేలికి జబ్బు చేసింది

కాశెయ్య గొర్రెలు కాసేవాడంట. పెళ్ళాం పోయి చానాళ్ళయింది, ఒక్క కూతురు అత్తారింట్లో ఉంది, ఇక ఆయనకి ఇల్లన్నా వాకిలన్నా గొర్రెల మందే అనుకోండి. కోతలైపోగానే కొండపక్క ఊళ్ళ కాపర్లు మందలన్నీ ఒకటిగా కలిపి తూర్పు పొలాలకి తోలుకుపోతారు కదా. చేలో మంద పెడితే రైతుకి ఎరువు, వీళ్ళకి గింజలు. అట్టా కలిపిన మందని వానలు పడేదాకా ఎవరూ విడదీయరు, విడదీశాడంటే తోటివాళ్ళని వద్దనుకున్నట్టే. మరి ఆ ఏడు కాశెయ్య ఏం చేశాడంటే, మంచి ఎండల్లో చెవిగుర్తులు చూసి తన గొర్రెల్ని ఏరుకుని కాలవ అవతలికి పోయాడంట. కాపర్లలో పెద్దవాడు పోలయ్య పోయి, మేమేమన్నా అన్నామేందిరా అని అడిగాడంట. ఏమీ అనలేదులే మావా, నువ్వు పో అన్నాడంట కాశెయ్య.

ఏమైందంటే, ఒంటికి పోతే మంట. మామూలు మంట కాదు, నిప్పుకణికలు జారినట్టు. చుక్క చుక్కే పడతది, మళ్ళీ మళ్ళీ పోవాలనిపిస్తది. అందరూ గట్టున నిలబడి కబుర్లు చెప్పుకుంటా పోసేటప్పుడు ఈయనొక్కడే పళ్ళు బిగబట్టి ఎంతసేపని నిలబడతాడు? చెబుదామంటే నోరు రాదు. ఎందుకు రాదంటే, వెనక ఒక ఏడు ఇదే బాధ పోలయ్యకొచ్చింది. "ఏ సంతలో ఎవరింటికి పోయొచ్చావు మావా?" అని అందరికంటే ముందు ఎగతాళి చేసింది కాశెయ్యే. రాత్రి వేసుకున్న మంట చుట్టూ కూర్చున్నవాళ్ళంతా పడీపడీ నవ్వారంట. పోలయ్య మళ్ళీ ఆ మాటెత్తలేదు. ఇప్పుడు కాలవ ఇవతల అన్నం వండుకుంటా ఉంటే అవతలి నవ్వులు వినపడతాయి. ఆ నవ్వు తన గురించే అనిపిస్తది. పోయాల్సిన పని లేకుండా చేద్దామని నీళ్ళు తాగడం కూడా మానేశాడు. చూశారా తెలివి. ఎండకి గొర్రెలన్నీ కాలవలో మూతిపెట్టి తాగతంటే ఈయన ఎండిన నాలికతో గట్టున కూర్చుని చూస్తాన్నాడంట.

ఒకరోజు నెత్తురు పడింది. ఒళ్ళు కూడా కాలిపోతంది. ఇక భయమేసి, బాగా కండగల పొట్టేల్ని ఒకదాన్ని పట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాడంట. అక్కడ డాక్టరమ్మ. అమ్మా, దీనికి ఒంటేలు సరిగ్గా రావట్లేదు, మంట, నెత్తురు కూడా పడతంది, జొరం అన్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండంగానే ఆ పొట్టేలు డాక్టరమ్మ చెప్పుల పక్కనే ధారగా పోసిందంట. నవ్వుతారేం, ఆయన మొహం చూసుంటే మీరు నవ్వుండరు. "ఇది కాదమ్మా, ఇంకోటుంది మందలో" అన్నాడు. "దాని వయసెంత?" "యాబై దాటుంటదమ్మా." డాక్టరమ్మ ఆయన వంక చూసింది. పొత్తికడుపు పట్టుకుని వంగి నిలబడున్నాడు. ఆమె నవ్వలేదు. "నీళ్ళు తాగుతోందా?" "మానేసిందమ్మా. తాగితే పోయాల గదా." "గొర్రె అట్టా లెక్కేసుకోదు పెద్దాయనా" అందంట మెల్లగా.

అని చెప్పి, "లోపల చీముపట్టి ఉండొచ్చు, రాయి ఉండొచ్చు, వయసు మీద పడ్డాక మగవాళ్ళకి లోపలి గ్రంథి వాచి దారి నొక్కుతుంది, అదీ అయ్యుండొచ్చు. ఒకరి నించి ఒకరికి అంటేదైనా సరే, దానికీ మందుంది. ఏదనేది నేను చెప్పకూడదు, నాది పశువుల వైద్యం. పరీక్ష చేస్తే తేలుతుంది. నెత్తురు, జొరం అంటున్నావు, ఆ పొట్టేల్ని ఈ రోజే మనుషుల ఆసుపత్రికి తీసుకుపో" అంది. తోటి కాపర్లని వదిలేసి వచ్చా, మంద ఎవరికప్పజెప్పనమ్మా, నాకెవరున్నారు అన్నాడంట కాశెయ్య. ఎవర్ని వదిలేసి వచ్చావో వాళ్ళకే అప్పజెప్పు అందామె.

ఏం చేస్తాడు, గొర్రెల్ని కాలవ దాటించాడు. పోలయ్య ఎదురొచ్చాడు. పొట్టేలికి జబ్బు మావా, ఆసుపత్రికి తీసుకుపోవాల, మందని చూస్తావా అన్నాడు. పోలయ్య ఆయన చేతుల వంక చూశాడు. తాడూ లేదు, పొట్టేలూ లేదు. "తోలు నా మందలోకి. బస్సు పోతది, పో" అన్నాడంతే.

ఆసుపత్రిలో నర్సమ్మ, నీ తోడు ఎవరొచ్చారయ్యా అంటే, ఒక్కణ్ణే వచ్చానమ్మా అన్నాడు. పరీక్ష చేస్తే రాయి, దాని మీద చీము. మందులిచ్చి, తర్వాత రాయి తీశారంట. ఎవరూ నవ్వలేదు. నీళ్ళు బాగా తాగమన్నారు, మళ్ళీ ఒకసారి వచ్చి చూపించుకోమన్నారు.

తిరిగొచ్చాడు. మందలన్నీ కలిసే ఉన్నాయి. తన గొర్రెల్ని ఏరుకుందామా వద్దా అని నిలబడి ఉంటే పోలయ్య చెంబుతో నీళ్ళిచ్చి పక్కన నిలబడ్డాడు. ఎటో చూస్తా, "ఒరే, ఆ పొట్టేల్ని ఏ ఆసుపత్రిలో చూపించావురా?" అన్నాడంట. కాశెయ్య చెంబు నోటిదాకా తీసుకుపోయినవాడు ఆగిపోయాడు. ఇన్నేళ్ళూ ఓర్చుకున్నావా మావా అనబోయి, చెంబు తిరిగి పోలయ్య చేతికే ఇచ్చాడు. "పొద్దున్నే పోదాం. తోడు నేనొస్తా" అన్నాడు.

అదండీ. నొప్పెడితే గొర్రె నలుగుర్లో నిలబడి అరుస్తది, మనిషే కాలవ దాటి పోతాడు. మీ మందల్లో అట్టాంటి పొట్టేలేదన్నా ఉంటే నాకేం చెప్పొద్దులే. ఆసుపత్రి మటుకు పొద్దున్నే తీస్తారు.