డాన్సు పరీక్షలో శిగం

"మామ్మగారూ, మీ మనవరాలు డాన్సు టీచరంటగా? కూచిపూడా, భరతనాట్యమా? మా పాపని చేర్పిద్దామని అడుగుతున్నా."

కూచిపూడి కాదు బిడ్డా, భరతనాట్యమూ కాదు. ఏందో చెప్పుమంటే నాకూ సక్కగ తెల్వది. కూసో, కూసో. దవఖానల రాత్రి డ్యూటీ చేసి అచ్చినట్టున్నవ్, మొకం పీక్కపోయింది. చాయ పెడతనా? వద్దా? మీ కోస్తా దిక్కోళ్లు వద్దంటే వద్దే. మా జగిత్యాల దిక్కు నాలుగుసార్లు వద్దని ఐదోసారి తాగుతరు.

ఆఁ, డాన్సు. మా స్రవంతి ఏమంటదంటే, ఇది పాతకాలపు కొత్త డాన్సు నాయ్నమ్మా అంటది. పాతదైతే కొత్తదెట్లయితదే పోరీ అంటే, నూరేండ్ల కింద కొత్తది అంటది. నూరేండ్ల కింద అంటే మా అత్త గూడ పుట్టలే. అప్పుడు ఆ తెల్లోళ్ల దేశాలల్ల డాన్సు చేసే ఆడోళ్లు కాలి ఏళ్ల మీద నిలవడి, నడుముకు బిగదీసి కట్టుకొని ఆడేటోళ్లట. గవన్నీ ఇడిసిపెట్టి, ఉత్త కాళ్లతోని, వదులు బట్టలేసుకొని ఆడుదమని కొందరు ఆడోళ్లు లేసిండ్రట. ఉత్త కాళ్లతోని ఆడుడు మనకు కొత్తనా, నువ్వే చెప్పు? దానికి రెండేండ్ల ట్రైనింగు, ఎన్కకు పరీక్ష, సర్టిఫికెటు. గా కాయితం ఉంటెనే పిల్లలకు నేర్పనిస్తరట.

నా కొడుకు మల్లేశం ముందుగాల ఈ అరబ్బోళ్ల దేశంల ఒక్కడే, సోనాపూర్ కూలోళ్ల క్యాంపుల ఉన్నడు. ఫోర్మనయినంకనే మమ్ములందరిని ఊరి కాంచి తెచ్చి ఈ కుసైస్ల పెట్టిండు. స్రవంతి ఈడనే డిగ్రీ చదివింది. డాన్సు నేర్సుకుంట బాపూ అంటే, ముసల్ది తోడువోతేనే పో అన్నడు. కోడలు బడిల ఆయా పనికి పోతది, దానికి తీరది. ఇగ నేనే. వారానికి మూడు దినాలు మెట్రో, ఆ మీదికెంచి బస్సు, అల్ కూజ్ గోదాములల్లకు. గోదామంటే గోదామే. ఒక దాంట్ల టైర్లమ్ముతరు, పక్కదాంట్ల డాన్సు. అప్పుడు గాడ కరక్ చాయ దిర్హమే ఉండె. ఇప్పుడెంతనో, నేను పోక మస్తు దినాలాయె.

నన్నో మూలకు కుర్చీల కూసోవెట్టిండ్రు. మొదటి దినం చూస్తే ఏం నేర్పిండ్రనుకున్నవ్? నడుసుడు! ఆ టీచరమ్మ తెల్లామె, మంచిదే పాపం, నన్ను చూస్తే చాలు నమస్తే పెడతది. ఆమె నడుస్తది, పోరగాండ్లు ఎన్క నడుస్తరు. గిదేందే, నిన్ను నడిపిచ్చిందే నేను గద, మల్ల ఈమెకెందుకు ఫీజు అన్న. మర్నాడు నేల మీద పండవెట్టి ఊపిరి తీసుడు నేర్పిండ్రు. ఆ తర్వాత ఉరుకుడు. ఒక చెయ్యి లేపెతందుకు గంట. చెయ్యి భుజం కాడికెంచి లేవొద్దట, ఇగో, ఈ రొమ్ము నడుమ ఏదో కదిలినంక, దాని ఎంబడి లేవాలెనట. పాటల మాటలుండయి, పియానో ఒక్కటే మోగుతది. తాళం లేదు, గజ్జెలు లేవు. నేను రెండేండ్లు చూసిన బిడ్డా, కత ఏందో ఒక్కదినం సమజ్ గాలె. మజ్జమజ్జ నిద్ర గూడ పోయిన, అబద్ధమెందుకు.

ఇగ పరీక్ష దగ్గరికచ్చింది. గప్పుడు మల్లేశం ఇంట్ల చెప్పిండు. "మా ముదీర్ను బతిమిలాడిన, ఆఫీసుల స్రవంతికి నౌకరి ఇస్తనన్నడు. వచ్చే నెల చేరాలె. పరీక్ష రాసుకోని, ఎన్కకు డాన్సు ఖలాస్." ముదీర్ అంటే వాని మీది మేనేజరు. ఆ పిల్ల ఏమన్నదో తెలుసా? సరే బాపూ అన్నది. గంతే. టీచరమ్మేమో, పాసైతే నా దగ్గరనే ఉండి పిల్లలకు నేర్పుమని దాన్ని అడిగి ఉన్నది. గా సంగతి తండ్రికి చెప్పదు, నాకు చెప్పుమనదు. కొద్దిగ తింటది, పండుకుంటది. చిన్నప్పటి సంది అది గట్లనే, నోట్లె నాలికె లేనట్టు. దాని కడుపుల ఏమున్నదో నాకెట్ల తెలుస్తది?

పరీక్ష శుక్రారం... కాదు కాదు, శనివారం. ఈడ సెలవులు మార్చిండ్రు గద, నాకు వారాలు కలిసిపోతానయి. కరోనా సగం పోయి సగం ఉన్న దినాలు, అందరి మూతులకు గుడ్డలు. మల్లేశం సైటు కాంచి సీదా అచ్చి, కంపెనీ బూట్లతోని తలుపు కాడ నిలవడ్డడు. పరీక్ష పెట్టే ఆమె ఏదో దేశంల ఉన్నది, పెద్ద టీవీల కనవడతాంది. తెల్ల జుట్టు, నా ఈడే ఉంటది.

మా పిల్ల అచ్చింది. జుట్టిడిసింది. ఎర్ర బట్ట. పియానో మెల్లగ మొదలైంది, ఇది నడిసింది, ఉరికింది, సుట్టు తిరిగింది. తిరుగుతాంటె ఊపిరి నాకు ఇనవడతాంది బిడ్డా, ఉస్సు ఉస్సు అని. ఆఖరుకు మోకాళ్ల మీద కూలవడి, చేతులు మీదికెత్తి, ఒళ్లంత వణుకుతాంది. కండ్లు మమ్ముల చూస్తలేవు. ఇది డాన్సు గాదు, శిగం అనుకున్న.

శిగమంటే నీకు తెల్వదేమో, మీరు చర్చికి పోతరు. ఎల్లమ్మ తల్లి మనిషి మీదికి అచ్చుడు. మీ దిక్కు పూనకమంటరు సూడు, గదే. శిగమస్తె ఊకె చూసుకుంట కూసోవద్దు. ఇంటి పెద్దమనిషి ముంగటికి పోయి, బండారు పెట్టి, అంటే పసుపే, ఏం గావాలె తల్లీ అని అడగాలె. అడగకపోతే ఇంటికి మంచిది గాదు. అమ్మ చెప్పినంక, ఇంటి మొగోడు మాటియ్యాలె. ఇచ్చిన మాట తప్పొద్దు. మా యారాలుకు, మా మరిది పెండ్లానికి, అచ్చేది. ఒకపారి మా మరిది కల్లు తాగి పండుకొని అడగనే లేదు, ఆ యేడు వాని బర్రె చుక్క పాలిస్తే ఒట్టు.

ఇగ నేనాగలే. చెప్పులిడిసి, కొంగు నెత్తి మీదికేసుకొని నడుమల్లకు పోయిన. టీచరమ్మ నో నో అంటాంది, నాకినవడితే గద! కొంగుల ముడేసుకున్న బండారు తీసి దాని నొసటికి పెట్టిన. "తల్లీ, ఎందుకచ్చినవే? మేమేం తక్కువ జేసినం? ఏం గావాలె?" అని అడిగిన. పియానో ఆగింది. అది నా మొకం జూసింది. నా ఎన్కకు తలుపు దిక్కు జూసింది. అప్పుడన్నది, గోదాం మొత్తం మోగేటట్టు:

"నన్ను ఆపకుర్రి! నన్ను ఆడనియ్యిర్రి! నాకు గా నౌకరి వద్దు!"

నేను ఎన్కకు మర్లి జూస్తే, మల్లేశం బూట్లు ఇప్పుతాండు. ఇప్పి, ఉత్త కాళ్లతోని అచ్చి, చేతులు జోడిచ్చి, "ఆపం తల్లీ. మాటిస్తాన" అన్నడు. టీవీల ముసలామె చప్పట్లు కొట్టింది! నన్ను గూడ డాన్సుల మనిషే అనుకున్నదట. పాసైంది పిల్ల.

మెట్రోల అడిగిన. ఏమే, నిజంగ అమ్మవారు అచ్చిందానే అని. నాకు యాదికి లేదు నాయ్నమ్మా అని నా భుజం మీద తల పెట్టి కండ్లు మూసుకున్నది. శిగమూగినోళ్లు గట్లనే అంటరు, యాదికి లేదని. అబద్ధమాడేటోళ్లు గూడ గట్లనే అంటరాయె. నాకైతే బుర్ర తిరిగిపోయింది.

మల్ల ఒక ఆదివారం మల్లేశం అంగి ఇస్త్రీ చేసుకుంటాండు. ముదీర్ కోపానికచ్చి వారం దినాలు మాట్లాడలేదట వీనితోని. నేనన్న, ఏం జేస్తం కొడుకా, అమ్మవారి మాట, దాటరాదు. వాడు తలెత్తలే.

"అమ్మవారు గాదవ్వా. అది నా బిడ్డ గొంతు."

నీకెట్ల తెల్సురా అన్న.

"క్యాంపుల ఉన్నన్నేండ్లు నాకు దాని మొకం సక్కగ తెల్వకుండె. ఎప్పుడు ఊరికచ్చినా కొత్త పిల్లలెక్క ఉండేది. ఫోన్ల గొంతే నా బిడ్డ. ఏం తేవాలె బిడ్డా అంటే, ఏం వద్దు బాపూ అనేది. ఎన్నిసార్లడిగినా ఏం వద్దనేది. గా గొంతును నేను పోల్చనా? నన్ను అది ఇన్నేండ్లకు ఒక్కటి అడిగిందవ్వా. కాదంటనా?"

ఇస్త్రీ పెట్టె పక్కకు పెట్టి కండ్లు తుడుసుకున్నడు. "దానికి చెప్పకు. నాకు తెల్సిందని ఎర్కైతే సిగ్గువడి మల్ల నోరు మూసుకుంటది" అన్నడు.

నువ్వు గూడ అనకు బిడ్డా, నీకు పుణ్యముంటది. నా కండ్లతోని నేను జూసిన మొకం మాత్రం మా పిల్లది గాదు... ఏమో. కొడుకు చెప్పేది నిజమే గావచ్చు. నీ పాపను తోలు, మంచిగనే నేర్పుతది. ముందుగాల నడుసుడే నేర్పుతది, గాబరా పడకు. నీ బిడ్డ నీ దగ్గర ఏ మాట దాసుకోకుండ పెరగాలె, నువ్వు సల్లంగుండాలె. లే, పోయి జరసేపు పండుకో... ఆఁ, చాయ నిజంగనే వద్దా?