గులాబీ పువ్వుల మూకుడు

డిసెంబరు ఇరవై మూడు, మధ్యాహ్నం మూడున్నర. పాలకాయతిప్ప దగ్గర ఒక ఊళ్ళో, వెనక వసారాలో గ్యాసు పొయ్యి ముందు సువార్తమ్మ. ఎదురుగా పీట మీద కోడలు రోజా.

"నిండా ముంచకే! ముప్పాతిక ముంచి తియ్యమన్నానా లేదా? అచ్చు నిండా ముంచితే పువ్వు వదలదు."

"విదిలిస్తానత్తయ్యా."

"విదిలిస్తే ముక్కలవుతుంది. ఇదిగో, అయింది. కాపరానికొచ్చి ఏడేళ్ళయింది, ఏడు క్రిస్మస్‌లు చూశావు, ఇంకా గులాబీ పువ్వు తియ్యడం రాలేదు నీకు."

"అత్తయ్యా, ఒక్క నిమిషం పొయ్యి ఆపుదాం. మీతో మాట్లాడాలి."

"మాట్లాడు. నీ నోటికి పొయ్యేం అడ్డం?"

"ఇలా కాదు. లోపలికెళ్ళి, కాసేపు కూర్చుని..."

"కూర్చునేగా ఉన్నాం. కొబ్బరిపాలు ఇంకాస్త పొయ్యి, పిండి గట్టిపడింది. చాలు. చాలంటున్నానా! అంత పొయ్యమన్నానా?"

"చెయ్యి జారింది."

"జారదూ మరి! నిన్న బందరు నుంచి వచ్చినప్పట్నుంచీ నువ్విక్కడ లేవు. అన్నం తినవు, పిలిస్తే పలకవు. పైగా ఆ తుమ్ములొకటి."

"జలుబు చేసింది."

"చెయ్యకేం చేస్తుంది? ఈ చలిలో బోరు కింద కూర్చుని తలమీద నీళ్ళు పోసుకుంటే."

"బస్సులో అంతా దుమ్మత్తయ్యా. అందుకని."

"సరేలే. పాప గౌను ఏమన్నాడు టైలరు?"

"రేపిస్తానన్నాడు."

"రేపు రాత్రేగా గుళ్ళో డ్రామా. గౌను లేకపోతే దేవదూత ఏమేసుకుంటుంది? అది పొద్దుట్నుంచీ రెక్కలు కట్టుకునే తిరుగుతోంది. వద్దంటే వినకుండా రిహార్సల్‌కి కూడా వాటితోనే పోయింది."

"చూశాను."

"వాళ్ళ నాన్న చూస్తే ఎంత మురిసిపోతాడో. ఆ డబ్బా ఇటు జరుపు. కాదు, ఆ పసుప్పచ్చ మూతది. అది వాడిది."

"అత్తయ్యా..."

"బాగా ఎర్రగా వేగినవే అందులో వెయ్యి. తెల్లగా ఉంటే ముట్టుకోడు జీవానందం. చిన్నప్పట్నుంచీ అంతే. నేను పళ్ళేలు సర్దుతుంటే వెనక నుంచి వచ్చి ఎర్రవన్నీ ఏరుకుపోయేవాడు. తోక లేని కోతి అని తిట్టేవాడు మీ మావయ్య."

"పదకొండు రోజులైందత్తయ్యా."

"నేను లెక్కపెట్టుకోవడం లేదనుకున్నావా? నాంచారయ్య బోటులో నలుగురు వెళ్ళారు. వాయుగుండం పట్టుకుంది. ముగ్గుర్ని కాకినాడ బోటు వాళ్ళు ఎక్కించుకున్నారు. నాలుగోవాణ్ణి ఇంకే బోటు వాళ్ళో ఎక్కించుకుని ఉంటారు. ఫోను తడిసి ఉంటుంది."

"నాంచారయ్య మావయ్య చెప్పింది మీరూ విన్నారుగా. అల వచ్చి పడ్డాక ఆయన మళ్ళీ కనపళ్ళేదనీ..."

"విన్నాను. ఆ నాంచారయ్య చూసింది అలని. నా కొడుకుని కాదు."

"మావయ్య నాలుగింటికి వస్తానన్నాడు. ఆలోపే నేను మీకు..."

"వస్తే రానీ. వాడికీ నాలుగు పువ్వులు పెడదాం. నూనె పొగలొస్తోంది, సెగ తగ్గించు."

"అసలు ఈ ఏడు ఇవన్నీ ఎందుకత్తయ్యా? పాస్టరు గారు కూడా వద్దులే సువార్తమ్మా అన్నారు. ఎంత నచ్చచెప్పారు మీకు!"

"ఆయనది ఉయ్యూరు. మన ఊరి సంగతి ఆయనకేం తెలుసు? చావైన ఇంట్లో ఏడాది మూకుడు పెట్టరు. ఏ దేవుణ్ణి మొక్కినా ఊరి పద్ధతి ఊరిదే. మీ మావయ్య పోయిన ఏడు పెట్టానా నేను? నువ్వప్పటికి రాలేదు. ఏడాదంతా ఈ ఇంట్లో నూనె కాగలేదు. పక్కింటి కోటమ్మ వాళ్ళూ, ఇరుగుపొరుగూ పళ్ళేలు పంపిస్తే అవే తిని పండగ అనిపించుకున్నాం. జీవానందానికి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. కోటమ్మ పంపిన పళ్ళెం ముందేసుకుని, ఇవి మనవి కాదమ్మా అని ఏడ్చాడు. అంత మగాడూ!"

"నాకెప్పుడూ చెప్పలేదు."

"పెళ్ళానికి ఏం చెప్తాడు, సిగ్గు. అందుకే అంటున్నా. చావైతే పొయ్యి నేనే ఆపుతాను, ఒకళ్ళు చెప్పక్కర్లేదు. ఇంట్లో చావు లేదు కాబట్టి మూకుడు పెట్టాను. అచ్చు నూనెలో పెట్టు, కాలనీ. చల్లటి అచ్చుకి పిండి పట్టుకోదు."

"పెట్టాను."

"సువార్తొదినా! ఉన్నావా?"

"ఎక్కడికి పోతాను? రా కోటమ్మా. ఏంటది, గుడ్డ కప్పి మరీ తెచ్చావు?"

"ఏం లేదొదినా. మా కోడలు నాలుగు అరిసెలూ, కాసిని జంతికలూ చేసింది. పాప తింటుంది కదా అని..."

"పండగ మాది కదే. పళ్ళెం మా ఇంట్లోంచి మీ ఇంటికి రావాలి. ముప్పై ఏళ్ళుగా అంతేగా? ఇవాళ ఎదురొచ్చిందేం?"

"అది కాదొదినా. ఎలాగూ నువ్విప్పుడు... రోజా, అత్తకి నువ్వింకా చెప్పలేదా అమ్మా?"

"పిన్నీ!"

"అయ్యో, నేను చెప్పావనుకుని..."

"పిన్నీ, మీరు వెళ్ళండి. నేను తర్వాత వచ్చి మాట్లాడతాను. దండం పెడతాను, వెళ్ళండి."

"దాన్నెందుకు పొమ్మంటావు? కోటమ్మా, ఇటు చూడు. ఇదేంటి?"

"మూకుడొదినా."

"కింద ఏం వెలుగుతోంది?"

"పొయ్యి."

"కనపడుతోందిగా? మరి పొయ్యి వెలుగుతున్న ఇంటికి ఆ పళ్ళెం ఎలా తెచ్చావే? పట్టికెళ్ళు."

"నేను చెడు కోరి తేలేదొదినా. జీవా నా చేతుల్లో పెరిగాడు."

"తెలుసు. నీ మనసు నాకు తెలుసు. అయినా పట్టికెళ్ళు. ఇంకో గంటలో మా పళ్ళెం మీ ఇంటికొస్తుంది, వేడివేడిగా. తీసుకుంటావా, తీసుకోవా?"

"తీసుకుంటానొదినా. ఎందుకు తీసుకోను."

"అయితే ఏడవకు. నా వసారాలో ఏడవకు. వెళ్ళు, వెళ్ళు."

"పాపం పిన్ని మీద ఎందుకలా అరిచారత్తయ్యా?"

"నువ్వు అరవలేదూ? పిన్నీ అని గుమ్మం అదిరేలా!"

"నేను అరిచింది వేరు."

"నాదీ వేరే. ఆ అచ్చు మాడిపోతోంది, తియ్యి."

"తియ్యను. ముందు నా మాట వినండి. పొయ్యి ఆపండి."

"ఆపను."

"అయితే నేనే ఆపుతాను."

"చెయ్యి తియ్యి రోజా. ఆ గ్యాసు మీద చెయ్యేశావంటే కోడలివని కూడా చూడను."

"కొట్టండి. కొడితే కొట్టండి గానీ వినండి! నిన్నట్నుంచీ చెప్పాలనే చూస్తున్నాను. రాత్రి మీ పక్కలో పాప పడుకుంది, చెప్పలేకపోయాను. పొద్దున్న మీరు పిండి కలుపుతూ పాట పాడుతున్నారు, చెప్పలేకపోయాను. నా వల్ల కావడం లేదత్తయ్యా."

"కళ్ళు తుడుచుకో. పిండిలో పడతాయి."

"నాలుగు కావస్తోంది. నాంచారయ్య మావయ్య ఒక్కడే రాడు. ఊరంతా వస్తుంది."

"రానీ. నాలుగవ్వలేదుగా ఇంకా."

"మీరు ఇలా మూకుడు ముందేసుకుని కూర్చుంటే ఆ వచ్చినవాళ్ళు మిమ్మల్ని ఏమనుకుంటారు?"

"పిచ్చిదనుకుంటారు. అనుకోనీ. ఆ ఎర్రటిది వాడి డబ్బాలో వెయ్యి, చల్లారింది."

"అత్తయ్యా, నేను నిన్న టైలర్ దగ్గరికి వెళ్ళలేదు."

"తెలుసు."

"ఏం తెలుసు? మీకేం తెలుసు?"

"టైలర్ దగ్గరికెళ్ళొచ్చినోళ్ళు గుమ్మం ఎక్కకుండా, కట్టుకున్న చీరతోనే బోరు కింద కూర్చుంటారటే? శవాన్ని చూసొచ్చినోళ్ళు కూర్చుంటారు. నిన్ను అక్కడ చూసినప్పుడే తెలిసిందే, నా కొడుకు ఇంక రాడని. నువ్వు నోరు విప్పి చెప్తే ఈ పొయ్యి ఆపెయ్యాలి నేను. వాడి డబ్బా ఇంకా నిండలేదు రోజా, నాలుగు పువ్వులకి పిండుంది. అదయ్యాక చెప్పు. అచ్చు ముంచు."