కుంటి క్లోద్ పేరు

పుట్టేది ఆడైనా మగైనా క్లోద్ అనే పెట్టేస్తానంటావా? పెట్టు తల్లీ, నన్నడగటం దేనికి! ఇద్దరికీ చెల్లే పేరేగా. మా చిన్నప్పుడు ఈ జురా కొండల్లో "క్లోద్!" అని ఒక్క కేకేస్తే ఇంటికో మగాడూ, ఇంటికో ఆడదీ తలుపు తీసేవాళ్లు. అంతా ఆ పేరుగల పునీతుడి చలవ. మొదట్లో రోములో ఎవరో పెద్దింటివాళ్ల ఇంటిపేరుట. అర్థమా? కుంటివాడని. నవ్వుతావేం? ఆ అర్థమే ఒకాయన కొంప ముంచింది.

నాకు ఈ పేరిచ్చినాయన, మా పక్కింటి క్లోద్ మామ. చీజు చేసేవాడు. పెళ్లీ పెటాకులూ లేవు. పేరుకి తగ్గట్టే ఎడమకాలు కుంటి. మరి మా ఊళ్లో జ్ఞానస్నానంలో బిడ్డని ఎత్తుకునే జ్ఞానతండ్రి పేరే బిడ్డకి పెట్టాలి కదా, అందుకని ఆయన్ని ఎవరూ పిలిచేవాళ్లు కాదు. మిగతా క్లోద్‌లతో ఫరవాలేదుట, ఈయన పేరిస్తే మాత్రం పేరుతోపాటు కాలూ వస్తుందిట! ఆయనకేమో ప్రాణమంతా దానిమీదే. "నా తరవాత నా పేరుతో ఒక్క నలుసైనా ఉండొద్దటమ్మా?" అని మా అమ్మ దగ్గర కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. జ్ఞానస్నానం రోజున జ్ఞానతండ్రే గుడి ముందు పిల్లలకి చక్కెర బాదంపప్పులు చల్లాలి. ఊళ్లో ఎవరు నెల తప్పినా ఈయన ముందే కొని డబ్బాలో దాచుకునేవాడు. ఎవరూ పిలవరు. పప్పులు అలాగే పడుండేవి.

నేను కడుపులో ఉండగా మా అమ్మ "పాపం, ఈయన్నే పిలుద్దాం" అంది. మా నాయనమ్మ తోక తొక్కిన తాచులా లేచింది. "నా వంశంలోకి కుంటినడక తెస్తావుటే!" అమ్మ వింటేగా! జ్ఞానస్నానం అయింది, ఆయన గర్వంగా గుప్పెళ్లతో చల్లాడు. ఏళ్లనాటి పప్పులాయె, రాళ్లు! ఫాదర్‌గారి నెత్తిన బొప్పి కట్టింది. నాయనమ్మ ఒకటి కొరికి పన్ను విరగ్గొట్టుకుంది. "ఇదిగో, శకునం!" అంది, నోటికి గుడ్డ అడ్డం పెట్టుకునే.

ఇహ ఊరి కళ్లన్నీ నా కాళ్లమీదే. నడక తిన్నగానే వచ్చింది. కానీ నాకు ఆయనంటే పిచ్చి, పొద్దస్తమానం ఆయన వెనకాలే. అమ్మ చెప్పేది, ఓ ఆదివారం పూజ అయ్యాక, అందరూ చూస్తుండగా, ఆయన ముందు, నేను వెనక... అచ్చు ఆయనలాగే కుంటుకుంటూ! పసిదాన్ని, చూసిందే చేస్తాను కదే. "చూశారా, వచ్చేసింది కాలు!" అని నాయనమ్మ గుండెలు బాదుకుంది. ఊరంతా బుగ్గలు నొక్కుకున్నారు. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. మొహం పాలిపోయిందిట. నన్ను మెల్లిగా ముందుకు జరిపి, "నువ్వు ముందు నడు తల్లీ, నేను నీ వెనకాలొస్తా" అన్నాడు.

అంతే! నాలుగడుగుల్లో నా నడక తిన్నగా అయిపోయింది. పేరుతో కాలు రాదని ఊరంతా కళ్లారా చూసింది. ఆ తరవాత "మా బిడ్డకీ మీ పేరివ్వండి" అంటూ ఆయన గుమ్మం ముందు ఒకటే జనం. ఊరంతా క్లోద్‌లే! కానీ ఆయన మాత్రం మళ్లీ ఎప్పుడూ నా ముందు నడవలేదే. బడికెళ్లినా నా వెనకే, నా పెళ్లికి గుడికెళ్లినా నా వెనకే. పెద్దదాన్నయ్యాను మామా, ఇహ కుంటన్లే అన్నా వినడు.

ఒక్కరోజే ఆయన ముందు, నేను వెనక. శవపెట్టె మోసేవాళ్లు మెల్లిగా నడుస్తున్నారు. నేను తిన్నగానే నడిచానే పిల్లా. ఎంత తిన్నగా నడిచానో...

ఊఁ. ఆ కిటికీ వెయ్యి, చలేస్తోంది.