సగం షీటు మాత్రలు

మోక నుంచి వచ్చిన లారీ యజమాని, డాక్టరమ్మ ముందు కుర్చీలోంచి లేవలేక బల్ల పట్టుకున్నాడు.

"కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టినాకనే తొడలు పీకుతాండాయా?"

"ఔనమ్మా. అదే మాత్ర మా బావకు ఏమీ చేయలేదే."

"మందును అరిగించే ఎంజైమ్ అందరి కాలేయంలో ఒకేలా పనిచేయదప్పా. నీ ఒంట్లో అది మందకొడి అనుకుంటా. మందు రక్తంలో నిలిచిపోయి కండను తింటాండాది. ఈ పొద్దే ఆపేయి. తోడబుట్టినోళ్లకూ ఇట్లే ఉండొచ్చు."



"తమ్మునికీ కొలెస్ట్రాల్ ఉండాదంటే నా మాత్రల్లోనే సగం షీటు ఇచ్చినానమ్మా. ఒకే రక్తం కదా, పనిచేస్తాదిలే అని."

"ఆయప్పకూ నొప్పులుండాయా?"

"పొద్దున బ్రేకు తొక్కలేకున్నానన్నాడు. సోంబేరి అని తిట్టి బండెక్కిస్తి."

"ఇప్పుడు యాడుండాడు?"

"తారానగర్ కాడ గుట్ట దిగతాంటాడు. లోడుబండి."

"ఫోన్ చేయప్పా."

"రింగయితాండాదమ్మా. ఎత్తడంలేదు."