దోమాంటీ మళ్ళీ వచ్చింది

వీధి గుమ్మంలో ఇంటి పెద్దావిడ. మెట్టు మీద, చేతిలో నీలం రంగు ఐసు డబ్బాతో, ఆసుపత్రిలో పిల్లల రక్తం తీసే అమ్మాయి.

"ఐస్‌క్రీములైతే మాకొద్దమ్మా. ఇంట్లో తినేవాళ్ళు లేరు."

"ఐస్‌క్రీములు కావు మామ్మగారూ. నేను, ఆసుపత్రి నుంచి. గుర్తుపట్టలేదా?"

"కళ్ళజోడు లేకపోతే నా కళ్ళకి మా ఇంటివాళ్ళే ఆనరు. ఏదీ, ఇలా వెలుగులోకి రా. ఓహో. నువ్వు దోమాంటీవి కదూ?"

"నేనే! దోమ కుట్టినట్టుంటుంది, అంతే, అన్నానని మీ బుడంకాయ పెట్టిన పేరే. ఇప్పుడు మా ల్యాబులో వాళ్ళు కూడా అలాగే పిలుస్తున్నారు. ఏదీ తను? చెవి మెలిపెట్టి వెళ్దామని..."

"కూర్చోమందామంటే కుర్చీ తడిగా ఉంది."

"ఫర్వాలేదండీ, రెండు నిమిషాల పని. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తడం లేదు. అందుకని నేనే వచ్చేశాను."

"ఫోన్ బీరువాలో చీరల కింద పెట్టాను. అస్తమానం మోగుతోంది. అందరిదీ ఒకటే పలకరింపు."

"పాపకి జ్వరం తగ్గి ఈపాటికి బాగా..."

"నువ్వెందుకొచ్చావో చెప్పు ముందు."

"చెప్పడానికి సిగ్గుగా ఉంది మామ్మగారూ. ఆ రోజు మా పరిశోధన కోసం తీసుకున్నామే, ఆ రక్తం పాడైపోయింది. ఐసు కరిగిపోయింది, పరీక్షకి తీసేసరికి గొట్టంలోనే పాలు విరిగినట్టు విరిగిపోయింది. పారబోయాల్సి వచ్చింది."

"పారబోశారా."

"తప్పు మాదే. అందుకని ఇంకొక్కసారి, ఈసారి నిజంగా దోమ కుట్టినంతే తీస్తాను. జ్వరం తగ్గిన పిల్లల రక్తం కూడా మాకు కావాలి, పక్కన పెట్టి పోల్చడానికి..."

"మెల్లిగా. కోడలు పెరట్లో బట్టలు ఆరేస్తోంది."

"సరే, సరే. పాప బడికెళ్ళిందా?"

"లేదు."

"పడుకుందా? అయితే లేపకండి. లేచేదాకా నేను ఇక్కడే..."

"అమ్మాయ్."

"చెప్పండి."

"లేపితే లేచేదైతే మేమే లేపుకునేవాళ్ళం."

"మామ్మగారూ..."

"మీ ఆసుపత్రిలోనే. మీ మేడ మీదే. మామూలు వైరస్ జ్వరమేనన్నారు, ఇంటికి పంపారు. మళ్ళీ తీసుకెళ్ళేసరికి గుండెకి పట్టిందన్నారు. నీకెవరూ చెప్పలేదా?"

"లేదండీ. మా ల్యాబు కింద ఉంటుంది. మాకు పేర్లు రావు, గొట్టం మీద అంకె ఒక్కటే వస్తుంది. అంకె చెబితే ఇంటి చిరునామా ఇచ్చారు గానీ, ఇది మాత్రం... క్షమించండి. నేను వెళ్ళిపోతాను."

"ఎక్కడికి వెళ్తావు? నిలబడు. ఏడవకు, కోడలికి వినబడుతుంది. ముక్కు తుడుచుకో."

"నేను రాకుండా ఉండాల్సింది."

"వచ్చేశావుగా. ఇప్పుడు నేను చెప్పింది విను. దానిదంతా ఒకటే గోల. పిల్ల వైద్యం కోసం కూడా కాదు, ఎవరి పిల్లల కోసమో సూది గుచ్చనిచ్చాను, చివరికి ఊరికే ఏడిపించి పంపాను, అని. ఊరికే పోదే తల్లీ, ఆ రక్తం పట్టుకుని వాళ్ళు ఎందరి జ్వరాలో తేల్చేస్తారు అని చెప్పి చెప్పి రెండు ముద్దలు తినిపిస్తున్నాను. ఈ ఇల్లు ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. నువ్వు ఆ రక్తం విరిగిపోయిందంటే..."

"ఆ రోజు ఆవిడ వద్దనే అన్నారు కదండీ. మీరే కదా ఇవ్వమని..."

"నేనే. నాలుగక్షరాలు చదువుకున్నదాన్ని కదా, లోకానికి ఉపకారం చేద్దామనుకున్నాను. అందుకే చెబుతున్నాను. రక్తం భద్రంగా ఉందను."

"అబద్ధం చెప్పమంటారా?"

"నిజం చెప్పు పోనీ. దాని మొహం చూశాక చెప్పగలిగితే చెప్పు."

కోడలు వచ్చింది.

"ఎవరత్తయ్యా?"

"దోమాంటీ అమ్మా. ఇటుగా పోతూ పలకరిద్దామని వచ్చింది."

"నిలబడే ఉన్నారేం సిస్టర్? కూర్చోండి, కుర్చీ పొడిగానే ఉందిగా."

"వద్దక్కా. నాకు ఇప్పుడే... ఏం చెప్పాలో తెలియడం లేదక్కా."

"ఏం చెప్పక్కర్లేదులెండి. మా పాప రక్తం..."

"భద్రంగా ఉందిట! ఇప్పుడే చెబుతోంది. వాళ్ళ ఫ్రిజ్ మనదాని లాంటిది కాదుట, పెరుగు పెడితే రాయి చేసి ఇస్తుందిట. కరెంటు పోయినా దానికేం కాదుట. చెప్పవేం అమ్మాయ్?"

"అవునక్కా. ఉంది."

"దాంట్లో ఏం చూస్తారు సిస్టర్? ఆ రోజు చెప్పారు గానీ, అది ఏడుస్తుంటే నా తలకెక్కలేదు."

"పిల్లలకి జ్వరం వస్తే అది వైరస్ వల్లో, వేరే క్రిముల వల్లో పైకి చూస్తే తెలీదక్కా. వైరస్ వస్తే ఒళ్ళు ఒకలా ఎదురు తిరుగుతుంది, వేరే క్రిములైతే ఇంకోలా. ఆ తేడా గుర్తులుగా రక్తంలో ఉంటుంది. ఆ గుర్తులు పట్టుకోగలిగితే, చుక్క రక్తంతో జ్వరం దేనిదో చెప్పేయొచ్చని చూస్తున్నాం. ఎవరికి ముదిరేలా ఉందో కూడా ముందే తెలుస్తుందేమోనని..."

"అంటే దొంగని చూడరు. కుక్క ఎలా మొరిగిందో విని దొంగెవడో చెబుతారు."

"అలాంటిదే మామ్మగారూ."

"మా పాప రక్తంలో కనబడిందా సిస్టర్, ఆ గుర్తు?"

"కనబడిందక్కా."

"గట్టిగా ఎదురు తిరిగిందా?"

"చాలా... చాలా గట్టిగా తిరిగింది."

"తిరగదూ మరి! స్నానానికి పిలిస్తేనే నన్ను ఇల్లంతా మూడు చుట్లు తిప్పేది. వైరస్‌ని ఊరికే వదుల్తుందా."

"అత్తయ్యా, విన్నారా? ఊరికే పోలేదుట."

"నేను మొదట్నుంచీ అదే కదూ మొత్తుకుంటున్నాను? నా మాటంటే లెక్క లేదు గానీ, దోమాంటీ చెబితే నమ్ముతావు."

"నమ్మాను. ఇప్పుడు నమ్మాను. అత్తయ్యా, నాకు ఆకలేస్తోంది."

"ఏమిటీ?"

"ఆకలేస్తోంది. ఇద్దరికీ వడ్డించండి. సిస్టర్‌ని గేటు దాకా దిగబెట్టి వస్తాను."

"ఇదిగో, ఇప్పుడే. నిమిషంలో. నువ్వు రా. చల్లారకముందే రా."

గేటు దగ్గర ఇద్దరే.

"నేను వెళ్తానక్కా."

"గడియ బిగుసుకుపోయింది, ఉండండి. డబ్బా ఇలా ఇవ్వండి. ఎంత తేలిగ్గా ఉందో."

"ఖాళీదేనక్కా. ఐసు ముక్కలే."

"ఏడిస్తే ఏడవండి. ఇక్కడైతే అత్తయ్యకి కనబడదు."

"అక్కా, నేను లోపల చెప్పింది..."

"సిస్టర్, ఒక్క సాయం చేస్తారా? అత్తయ్య రేపో ఎల్లుండో మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తారు. మీ కోడలు పూర్తిగా నమ్మిందండీ అని చెప్పండి, చాలు."

"ఆవిడ ఎందుకొస్తారక్కా?"

"రక్తం ఇవ్వమన్నది తనే కదా. పైకి అలా హాస్యాలాడతారు గానీ, నేను తింటే తప్ప ముద్ద ముట్టరు. నేను నమ్మానని నమ్మితే ఈ పూటైనా తింటారు."

"మీరు నమ్మారని... అంటే మీరు..."

"ఇవాళ ఆరేయడానికి బట్టలేం లేవు సిస్టర్. మీరు దోమాంటీనని చెప్పుకున్నప్పట్నుంచీ ఆ తలుపు వెనకే ఉన్నాను."