మూడో కౌంటరు ముందు మా అల్లుడు

అధ్యక్ష స్థానంలో కూర్చుని ఇందాకటి నుంచీ వాచీ చూసుకుంటున్న డైరెక్టరుగారికి, నాకంటే ముందే రిటైరయినా ఇవాళ్టి కోసం పాత యూనిఫారం ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చిన పెద్దలకి, ముందు వరసల్లో పద్ధతిగానూ వెనక వరసల్లో గుసగుసగానూ కూర్చున్న నా తోటి ఉద్యోగులకి, తన క్యాంటీనునే సభాస్థలిగా మార్చి కాఫీలు మాత్రం ఉపన్యాసం అయ్యాకే అని భీష్మించుకున్న క్యాంటీన్ పిన్నిగారికి, రెండో వరస చివరి కుర్చీలో నా మొహం చూడకుండా కూర్చున్న మా అమ్మాయికి, అందరికీ నమస్కారం.

ఇవాళ రిటైరవుతున్న నాకు సన్మానం తలపెట్టినవాళ్ళు ఒక్క సంగతి మరిచిపోయారు. మీ వీపుల వెనక ఉన్నది గోడ కాదు, నిలువెత్తు గాజు. విమానం దిగినవాళ్ళు వరసకట్టే హాలంతా ఈ మేడ మీదికి ఆ గాజులోంచి కనిపిస్తుంది. మీకు నేను కనిపిస్తున్నాను, నాకేమో మీ తలల మీదుగా మూడో కౌంటరు కనిపిస్తోంది. కాబట్టి నేను మధ్యమధ్యలో అలా దూరంగా చూస్తుంటే, పాపం గడిచిన రోజులు తలచుకుంటోందని జాలిపడకండి. (నవ్వులు) ఆ వరసలో నీలం చొక్కా వేసుకుని, సంచీని రెండు చేతులా గుండెకి హత్తుకుని నిలబడ్డ మనిషి మా అల్లుడు. లోపలికి రానిస్తారో, వచ్చిన విమానంలోనే తిప్పి పంపేస్తారో ఇంకా తేలలేదు.

తిరగకండి! దయచేసి ఎవ్వరూ వెనక్కి తిరగకండి. ఆఫీసు ఆఫీసంతా గాజుకి మొహాలు ఆనించి చూస్తుంటే కింద కౌంటరులో ఉన్నవాడి మీద ఒత్తిడి తెచ్చినట్టే అవుతుంది. నేను చూసి చెబుతాను, మీరు కూర్చుని వినండి.

సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మన ద్వీపం చూసిపోవడానికి వచ్చేవాళ్ళకి ముందుగా వీసా అక్కర్లేదు. గడువున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్టు, దిగబోయే చోటు, ఇవి చూపిస్తే కౌంటరులోనే సందర్శకుల పర్మిట్ ఇచ్చేస్తాం. ఉండిపోవడానికి వచ్చేవాళ్ళ దారి వేరు. వాళ్ళు నివాస పర్మిట్‌కి అర్జీ పెట్టుకుని, అది తేలేదాకా దేశం బయటే ఉండాలి. ఉండిపోతానని అర్జీ పెట్టిన మనిషే వచ్చి, చూసిపోతాను పర్మిట్ ఇవ్వండి అంటే ఏ మాట నమ్మాలి చెప్పండి? ఈ పాఠం నేను ఎందరికో చెప్పాను. ఎందరి మొహాలో వాడిపోవడం చూశాను కూడా. మా అల్లుడు పరాయి దేశం వాడు. పెళ్ళయ్యాక నివాస పర్మిట్‌కి అర్జీ పెట్టి, తేలేదాకా తన దేశంలోనే బుద్ధిగా ఉన్నాడు. ఆ అర్జీ మన ఆఫీసులోనే నానుతోంది. ఎవరి బల్ల మీద నానుతోందో నేను అడగలేదు, అడగకూడదు కూడా. అది నానుతుండగానే మా అమ్మాయికి నెలలు నిండాయి.

ఇవాళ పొద్దున నేను సభకని చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఆయన విమానం ఎక్కేశాడు."

"ఎవర్నడిగి ఎక్కాడే?"

"నన్నడిగి. నిన్నడిగితే వద్దంటావని తెలుసు కాబట్టి నిన్నడగలేదు."

"కౌంటరులో ఏం చెబుతాడట?"

"అది ఆయనిష్టం. నువ్వు మాత్రం ఒక్క మాట చెప్పు చాలమ్మా. జీవితంలో ఒక్కసారి."

"ఆ ఒక్కమాటే నేను చెప్పకూడదే తల్లీ" అన్నాను. అంతే, అప్పటి నుంచీ మా ఇద్దరికీ మాటల్లేవు. కారులో నేను ముందు సీట్లో, తను వెనక సీట్లో. డ్రైవరు పాపం ఎవరికి భయపడాలో తెలియక రేడియో కూడా పెట్టలేదు. (నవ్వులు)

వరస కదిలింది. ఇంకా ముందు ఓ పెద్ద కుటుంబం ఉంది, పిల్లలూ సామానూను. కాస్త టైముంది. వెనక వరసవాళ్ళు ఎదురుచూస్తున్నట్టు కుట్టుమిషను కథ చెప్పేస్తాను, మళ్ళీ చెప్పడానికి నాకు మైకెవరిస్తారు! ఒకావిడ చూసిపోవడానికని వచ్చింది. తిరుగు టికెట్టుంది, హోటలు గది ఉంది, అన్నీ ఉన్నాయి. సామానులో కుట్టుమిషను కూడా ఉంది. "ఇదెందుకమ్మా?" అంటే, "సముద్రం ఎంతసేపని చూస్తామండీ, తోచకపోతే కుట్టుకుంటాను" అంది. (నవ్వులు) మిషను మన గోదాములో ఉంచి మనిషిని లోపలికి పంపాను. గడువు లోపల వెళ్ళిపోయి, పద్ధతిగా అర్జీ పెట్టుకుని, పర్మిట్‌తో తిరిగొచ్చి మిషను విడిపించుకుంది. మీలో సగంమంది ఒంటిమీదున్న యూనిఫారాలు ఆవిడ కుట్టినవే. భుజాల దగ్గర బిగుతుగా ఉన్నాయంటే అది ఆవిడ తప్పు కాదు, పిన్నిగారి క్యాంటీను మహిమ. (నవ్వులు, చప్పట్లు)

డైరెక్టరుగారు ఇప్పుడే నా చెవిలో ఓ మాటన్నారు. "మేడమ్, కిందికి ఒక్క ఫోను కొట్టమంటారా?" అని. మైకులో చెబుతున్నందుకు క్షమించాలి సార్. వద్దండీ. మీరు పెద్ద మనసుతోనే అడిగారు. ఆ మాట వినగానే నా ప్రాణం లేచొచ్చింది, అదీ దాచుకోను. కొట్టండి సార్, మీ కాళ్ళకి మొక్కుతాను అని లోపల ఒక అమ్మ అరుస్తోంది. కానీ మీరు ఫోను కొడితే రేపటి నుంచి ఆ కౌంటరులో కూర్చున్నవాడు ప్రయాణికుడి మొహం చూడడు, ఫోను వంక చూస్తాడు. అది నా చేతుల మీదుగా జరగకూడదు.

అమ్మాయి తల తిప్పేసుకుంది. తిప్పుకోనీ.

కింద కౌంటరులో ఎవరున్నారని అడుగుతున్నారు కదూ? మనమందరం ఇక్కడ కుర్చీలు వేసుకుంటే డ్యూటీకి మిగిలింది ఒక్కడే. రూలుకి సెకను కూడా అటూ ఇటూ కాడని మీరంతా గడియారం అని పేరు పెట్టినవాడు. నన్ను ఇనపగేటు అంటారని కూడా నాకు తెలుసు లెండి, అంత ఉలిక్కిపడకండి. (నవ్వులు) వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు. డ్యూటీలో చేరిన కొత్తలోనే ఒక మంత్రిగారి బావమరిదిని, తిరుగు టికెట్టు లేదని బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆయన నానా మాటలూ అంటుంటే, "టికెట్టు కొనుక్కురండి సార్, మంచినీళ్ళు కావాలా?" అన్నాడు. ఆ రోజు వాడి భుజం తట్టినదాన్ని నేనే. ఇప్పుడు వాడి ముందు నిలబడబోయేది మా ఇంటి మనిషి. నిజం చెబుతున్నాను, వాడు కాస్త తక్కువ నేర్చుకుని ఉంటే బావుండేదని ఇప్పుడు అనిపిస్తోంది.

కుటుంబం వెళ్ళిపోయింది. మా అల్లుడు కౌంటరు ముందుకొచ్చాడు.

(విరామం)

నాకిప్పుడున్న భయం వేరు. గడియారం మొదట అడిగేది "ఎందుకొచ్చారు?" అని. భయంలో ఈ పిల్లాడు, సముద్రం చూసిపోదామని వచ్చానండీ అన్నాడో, అబద్ధం చెప్పినట్టు పాస్‌పోర్టులో రాస్తారు, ఆ అర్జీ కాస్తా చెత్తబుట్టలోకి పోతుంది. ఇక ఎప్పటికీ రాలేడు. నిజం చెబితే అర్జీ తేలేదాకా రాకూడదు కాబట్టి పొమ్మంటారు. పొమ్మన్నా ఫరవాలేదు, నిజం చెప్పు నాయనా, నిజం చెప్పు అని ఇక్కడ నిలబడి మొక్కుకుంటున్నాను. మన భాష అతనికి అంతంతమాత్రం.

ఏదో చెబుతున్నాడు. సంచీ కింద పెట్టాడు. చేతులు... అయ్యో రాత, తన పొట్ట మీద చెయ్యి గుండ్రంగా తిప్పి చూపిస్తున్నాడు! (నవ్వులు) నవ్వండి, నవ్వండి. నిజం చెప్పాడు. అమ్మాయీ, నీ మొగుడు నిజమే చెప్పాడే.

ఇక గడియారం ఏం చేస్తాడో చూడాలి. మన ఆఫీసులో ఒక అలవాటుంది, బయటివాళ్ళకి తెలియదు. లోపలికి పంపేవాళ్ళని కూర్చునే పంపుతాం. కాదని చెప్పాల్సి వస్తే మాత్రం లేచి నిలబడి చెబుతాం. కుర్చీలో కూర్చుని మనిషిని తిప్పి పంపకూడదని, ఇదిగో, ముందు వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్న ఈ పెద్దాయన నాకు నేర్పారు. నేను అందరికీ నేర్పాను. అందుకని నా కళ్ళు వాడి కుర్చీ మీదే ఉన్నాయి. పాస్‌పోర్టు తిరగేస్తున్నాడు. కంప్యూటరు చూస్తున్నాడు. అర్జీ కనిపించినట్టుంది, ఆగాడు.

(విరామం)

లేచాడు.

(విరామం)

కాసిని మంచినీళ్ళివ్వండి ఎవరైనా. కూర్చో అమ్మా, ఈ స్థితిలో గబుక్కున లేవకు. కూర్చో. వాడు చేసింది తప్పు కాదు. రూలు అదే.

ఉండండి. వాడు అతన్ని బెంచీ వైపు తీసుకెళ్ళడం లేదు. వెనక్కి తిరిగి గోడ దగ్గరికి వెళ్ళాడు.

(స్పీకరులో ప్రకటన: "మూడో కౌంటరులో ఉన్న ప్రయాణికుడికి పూచీ ఉండే ఇంటి మనిషి ఎవరైనా వచ్చి ఉంటే వెంటనే కౌంటరు దగ్గరికి రావాలి.")

విన్నారా? కాదనడానికి లేవలేదు, మైకు అందక లేచాడు! ఆ మైకుని గోడకి అంత ఎత్తున బిగించిన మహానుభావుడెవరో గానీ ఇవాళ నా గుండె ఆపినంత పని చేశాడు. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు తరవాత. ఇంకా ఏమీ తేలలేదు. రూలులో ఒక వెసులుబాటుంది. అర్జీ తేలనివాడైనా సరే, ఎవరింట్లో ఉంటాడో ఆ ఇంటి మనిషి స్వయంగా వచ్చి పూచీ ఉంటే, కౌంటరులో ఉన్న అధికారి తన నమ్మకం మీద కొద్ది రోజుల పర్మిట్ ఇవ్వొచ్చు. ఇవ్వాలని లేదు, ఇవ్వొచ్చు. నువ్వు లేవకు అమ్మా, నువ్వు పనికిరావు. నివాస అర్జీ మీద పూచీ సంతకం నీదే కదా, ఒక మనిషికి ఒకళ్ళే రెండుసార్లు పూచీ ఉండకూడదు. మీ నాన్న బతికుంటే ఈపాటికి మెట్ల మీదే ఉండేవారు. ఇక ఆ ఇంట్లో మిగిలింది నేను. నేనా, ఈ శాఖ ఉద్యోగిని. ఈ శాఖలో పనిచేసేవాళ్ళు ఎవరికీ పూచీ ఉండకూడదు, కడుపున పుట్టినవాళ్ళకైనా సరే.

ఆ రూలు గడియారానికి తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. పైన ఈ సభ ఎందుకు జరుగుతోందో కూడా వాడికి తెలుసు.

డైరెక్టరుగారూ, నా బ్యాడ్జీ సభ ముగిశాక తీసుకుంటామన్నారు. ఇప్పుడే తీసుకోండి. పూలగుత్తి తరవాత ఇద్దురుగాని, ముందు ఆ రిలీవింగ్ ఆర్డరు మీద సంతకం పెట్టండి సార్. పెన్ను కావాలా? ఇదిగో. ఇది ఆఫీసు పెన్నే, ఇదీ మీకే అప్పగించేస్తున్నాను.

(డైరెక్టరుగారు సంతకం చేశారు. చప్పట్లు)

చాలు, చాలు. ఇప్పుడు నేను మీలో మనిషిని కాను. ఈ బ్యాడ్జీ లేకుండా ఈ మెట్లు దిగడం నాకు రాదు, ఇవాళే నేర్చుకోవాలి. వెళ్ళే ముందు ఒక్క మాట, అది మీతో కాదు, మా అమ్మాయితో. మీరందరూ సాక్షులు.

అమ్మాయీ, పొద్దుటి నుంచి చూడలేదు, ఇప్పుడు నా వైపు చూడు. పూచీ ఉండటానికి వచ్చినవాళ్ళని మేము ఒక ప్రశ్న అడుగుతాం. "గడువు నాటికి నివాస పర్మిట్ రాకపోతే ఈ మనిషిని మీరే తీసుకొచ్చి మాకు అప్పగిస్తారా?" అని. అందరూ అవుననే అంటారు. నేను ఆ మాట వినేదాన్ని కాదు, మొహం చూసేదాన్ని. ఠక్కున అవునన్నవాళ్ళని మళ్ళీ అడిగేదాన్ని. ఇవాళ గడియారం నా మొహం చూస్తాడు. నేను అవునంటాను, ఉత్తుత్తినే అనను. ఆ రోజుకి పర్మిట్ రాకపోతే, నీ ఒళ్ళో పసిగుడ్డు ఉన్నా సరే, నువ్వు ఏడ్చి నా కొంగు పట్టుకున్నా సరే, నీ మొగుణ్ణి నేనే వెంటబెట్టుకొచ్చి ఆ కౌంటరులో అప్పగిస్తాను. అప్పుడు నన్ను రాక్షసి అనకూడదు. అనేట్టయితే ఇప్పుడే అను, నేను ఈ మైకు దగ్గరే ఆగిపోతాను. నిన్ను మభ్యపెట్టి అక్కడ నిజం చెప్పలేను, వాణ్ణి మభ్యపెట్టి నీకు మేలు చెయ్యలేను.

(ఉపన్యాసకురాలి కూతురు లేచి నిలబడి ఏదో అన్నది.)

మీకు వినబడలేదు కదా, నేను చెబుతాను. "ముందు ఆయన్ని బిడ్డనొకసారి ఎత్తుకోనీ. తరవాత నువ్వో చెయ్యి పట్టుకో, నేనో చెయ్యి పట్టుకుంటాను, ఇద్దరం కలిసే అప్పగిద్దాం. పదవే అమ్మా" అంటోంది.

వస్తున్నానమ్మా.

పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పుకోవాల్సినవాళ్ళు ఈ హాలు నిండా ఉన్నారు. ఇన్నేళ్ళు నా కోపాన్ని భరించినందుకు అందరికీ కలిపి రెండు చేతులా దణ్ణం పెడుతున్నాను. కుర్చీలు కాస్త పక్కకి జరిపి దారివ్వండి, మా అమ్మాయి మెట్లు నెమ్మదిగా దిగాలి. సెలవు.