రాకుమారి దస్తూరీ

పాత బౌద్ధ సూత్రాల రాత ఎవరిదో తేల్చి ముద్ర వేయడంలో క్యోటోలో అతనికి మంచి పేరుంది. ఆ మధ్యాహ్నం తేనీటి విందు నుంచి వచ్చిన భార్య చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

“ఏమండీ, ఆ విందు ఇచ్చినవాళ్ల గోడకి సూత్రం రాసిన కాగితం ముక్క వేలాడుతోంది. ఐదొందల ఏళ్ల కిందటి రాకుమారి దస్తూరీ అని మీ ముద్ర కూడా ఉంది.”

“బాగుందా?”

“బాగుండక! రాసింది నేనే కదా.”

“పిచ్చిదానా, పాత రాతలన్నీ ఒకేలా ఉంటాయి.”

“ఏడో వరుసలో కుంచె తడబడింది. నేను రాస్తుంటే మీరొచ్చి వేడి వేడి మోచీ బియ్యప్పిండి ఉండ నా నోట్లో కుక్కారు. పాప పోయాక నేను నవ్వింది ఆ ఒక్కసారే.”

అతను చేతిలోని ముద్రని గుడ్డతో తుడవసాగాడు.

“ఆ సూత్రం పాప పేరిట గుడిలో సమర్పించానన్నారు. చివర్లో దాని పేరు రాశాను, అదేదీ?”

“పేరుంటే పాతదని ఎవరు నమ్ముతారు? కత్తిరించాను.”

“సరే, ఒక్కటి చెప్పండి. నేను కొత్త కాగితం కొనుక్కుంటానంటే, వద్దని మీ పెట్టెలోంచి పాతది తీసిచ్చారు. పాప మీద ప్రేమనుకుని మురిసిపోయాను. ఆ రోజే ఇదంతా అనుకున్నారా?”

అతను తల దించుకున్నాడు.

“అంత మంచి పాత కాగితం ఊరికే ఎవరిస్తారే?”